పేరొకటే, చోటు వేరు

షుగర్ ఉన్నవాళ్ల ఇంట్లో ల్యాబ్ రిపోర్టుల ఫైలు ఒకటి తప్పకుండా ఉంటుంది. అందులో హెచ్‌బీఏ1సీ అన్న చోట 6.8 అనో 8.2 అనో ఒక అంకె కనిపిస్తుంది. మూడు నెలల సగటు చక్కెరకు అది గుర్తు అని డాక్టర్లు చెబుతారు. రెండు రోజుల ముందు స్వీట్లు మానేసి వెళ్లినా ఆ అంకె మారదని షుగర్ ఉన్నవాళ్లందరికీ తెలుసు. అది దేన్ని లెక్కపెడుతుందో మాత్రం సాధారణంగా ఎవరూ చెప్పరు. హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసులు రెండుంటాయి. ఒక్కో గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. వాటిలో మొట్టమొదటిది వాలీన్. ఆ వాలీన్‌కు గ్లూకోజ్ అంటుకుని ఉన్న హిమోగ్లోబిన్ నూటికి ఎంత ఉందో చెప్పేదే ఆ అంకె.

ఇందులో ఆశ్చర్యపడాల్సింది చాలా ఉంది. గ్లూకోజ్ అంటుకునేది నత్రజని ఉన్న అమీన్ సమూహానికి. హిమోగ్లోబిన్ నాలుగు గొలుసుల్లో కలిపి అలాంటి అమీన్లు 48. లైసీన్ అనే అమైనో ఆమ్లం కొసల్లో 44, ఒక్కో గొలుసు మొదట్లో ఒకటి చొప్పున 4. ఎర్ర రక్తకణంలో ఈ చర్యను నడిపించే ఎంజైమ్ ఏదీ లేదు. చక్కెర దానంతటదే వచ్చి తగులుకుంటుంది. లైసీన్లకూ కొంత అంటుకునే మాట నిజమే. అయినా దానికి అన్నిటికన్నా అనుకూలమైన చోటు బీటా గొలుసు మొదటి వాలీనే. 48 చోట్లు ఉండగా అదే ఎందుకు?

జవాబు నత్రజని మీద ఉన్న ఎలక్ట్రాన్ల జంటలో ఉంది. ఆ జంట ఖాళీగా ఉంటేనే అమీన్ మరో అణువును పట్టుకోగలదు. నీటిలోని ప్రోటాన్ వచ్చి దాని మీద చేరితే ఆ అమీన్ ఇక ఈ పనికి రాదు. లైసీన్ కొసన ఉన్న అమీన్ ప్రోటాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. రక్తం పీహెచ్ 7.4 దగ్గర చూస్తే వెయ్యి లైసీన్లలో ఒకటి అటూ ఇటూగా మాత్రమే ఖాళీగా ఉంటుంది. గొలుసు మొదట్లో ఉన్న అమీన్ అలా కాదు. పక్కనే ఉన్న పెప్టైడ్ బంధం దాని ఎలక్ట్రాన్లను తన వైపు కొంత లాక్కోవడం వల్ల దానికి ప్రోటాన్ మీద పట్టు తక్కువ. రక్తంలో అది చెప్పుకోదగ్గ వంతు ఖాళీగానే ఉంటుంది. పైగా బీటా వాలీన్ ఉన్న చోటు మామూలుది కాదు. ఎర్ర రక్తకణంలో ఉండే బిస్‌ఫాస్ఫోగ్లిసరేట్ అనే ఫాస్ఫేట్ అణువు వచ్చి కూర్చునే గూడు అంచున ఉంటుందది. చక్కెర మొదట వదులుగా అంటుకుంటుంది. అప్పుడు దాన్ని విడదీయవచ్చు. తర్వాత అణువు లోపల సర్దుబాటు జరిగి ఆ బంధం స్థిరపడుతుంది. ఆ సర్దుబాటుకు పక్కనున్న ఫాస్ఫేట్ తోడ్పడుతుంది.

గ్లూకోజ్ అణువుల్లో దాదాపు అన్నీ వలయంగా ముడుచుకుని ఉంటాయి. అమీన్‌తో కలవగలిగే తెరిచిన రూపం అతి స్వల్పం. అందుకే ఈ చర్య రోజుల తరబడి, వారాల తరబడి మెల్లగా సాగుతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అంకె మూడు నెలల చరిత్ర చెప్పగలగడానికి ఈ రెండూ కారణాలే. 1968లో టెహ్రాన్‌లో సామ్యూల్ రహ్బర్ అనే వైద్యుడు మధుమేహ రోగుల రక్తాన్ని పరీక్షిస్తూ హిమోగ్లోబిన్‌లో ఒక వింత పట్టీని గమనించాడు. ఈ పరీక్ష కథ అక్కడ మొదలైంది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లకూడదు. రక్తహీనత ఉన్నవాళ్లలో, ఎర్రకణాలు త్వరగా నశించే సికిల్ సెల్ లాంటి జబ్బులున్నవాళ్లలో, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవాళ్లలో ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు. కణాల వయసు మారితే లెక్కా మారుతుంది. రక్తహీనత ఇంతగా ఉన్న మన ప్రాంతంలో డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

ప్రొటీన్ల మీద ఎంచుకున్న చోట మార్పు చేయాలనుకునే రసాయన శాస్త్రవేత్తలకు హిమోగ్లోబిన్ చెప్పే పాఠం ఒకటుంది. ఊళ్లో పదిమంది వెంకటేశ్వర్లు ఉంటే పోస్ట్‌మ్యాన్ పేరు చూసి ఉత్తరం ఇవ్వడు, రావిచెట్టు పక్కింటాయనా, చెరువుగట్టు మీది ఇంటాయనా అని చూస్తాడు. ప్రొటీన్‌లో లైసీన్లూ అంతే. పాఠ్యపుస్తకంలో లైసీన్ ఒకటే. ప్రొటీన్‌లో మాత్రం ఏ లైసీన్ దారి దానిది. ఇరుగుపొరుగును బట్టి దాని స్వభావం మారుతుంది. ఈ రంగంలో గత 30 ఏళ్లలో వచ్చిన మంచి ఫలితాల్లో ఎక్కువ భాగం కొత్త కారకాన్ని కనిపెట్టడం వల్ల మాత్రమే వచ్చినవి కావు. ఇరుగుపొరుగును సరిగ్గా చదవడం వల్ల వచ్చాయి.

అసలు ప్రొటీన్ మీద ఇలా ఏదో ఒకటి అతికించాల్సిన అవసరం ఎందుకొస్తుంది? చాలా ప్రొటీన్ మందులకు రక్తంలో నిలకడ ఉండదు. కీమోథెరపీ తీసుకునేవాళ్లకు తెల్లరక్తకణాలు పడిపోతే ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. 175 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ అది. మూత్రపిండాలు దాన్ని గంటల్లో వడకట్టి పారేస్తాయి కాబట్టి రోజూ పొడిపించుకోవాలి. పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పొడవాటి, నీటిని ఇష్టపడే గొలుసును దానికి తగిలిస్తే అణువు ఉబ్బి మూత్రపిండాల జల్లెడలోంచి జారిపోదు. కానీ ఎక్కడ తగిలించాలి? ఫిల్‌గ్రాస్టిమ్‌లో లైసీన్లు నాలుగున్నాయి. గొలుసు మొదట్లో ఒక అమీన్ ఉంది. ఇష్టమొచ్చినట్టు అంటుకోనిస్తే ఒకటి తగిలినవీ, రెండు తగిలినవీ, అసలు తగలనివీ అన్నీ కలగాపులగంగా తయారవుతాయి. ప్రొటీన్ తన గ్రాహకాన్ని తాకాల్సిన చోటే గొలుసు అడ్డుపడితే మందు పనిచేయదు.

ఆమ్‌జెన్ కంపెనీ శాస్త్రవేత్తలు ఇక్కడ వాడింది మన హిమోగ్లోబిన్ కిటుకే. చర్యను పీహెచ్ 5 దగ్గర, అంటే కాస్త పుల్లటి ద్రావణంలో జరిపించారు. ఆ స్థితిలో లైసీన్లు ప్రోటాన్లను పూర్తిగా పట్టేసుకుని పక్కకు తప్పుకుంటాయి. మొదటి అమీన్ కూడా చాలావరకు ప్రోటాన్‌తోనే ఉంటుంది కానీ లైసీన్లతో పోలిస్తే వందల రెట్లు ఎక్కువగా ఖాళీ అవుతుంటుంది. ఆల్డిహైడ్ కొస ఉన్న గొలుసు అక్కడికే చేరుతుంది. ఒక క్షయకరణ కారకం ఆ వదులు బంధాన్ని శాశ్వతం చేస్తుంది. అలా వచ్చిన పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌కు 2002లో అమెరికాలో అనుమతి దొరికింది. రోజూ ఇంజెక్షన్ బదులు ఒక్కో కీమో విడతకు ఒక్క ఇంజెక్షన్ సరిపోయింది. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ దాన్ని పెగ్‌గ్రాఫీల్ పేరుతో 2011లో మన మార్కెట్లోకి తెచ్చింది. ఊరి నుంచి రోజూ బస్సెక్కి ఆస్పత్రికి రావాల్సిన కేన్సర్ రోగికి ఆ తేడా ఎంత పెద్దదో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇన్సులిన్ దగ్గర ఇదే సూత్రం తలకిందులుగా పనిచేసింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ అది. ఇన్సులిన్‌లో ఏ, బీ అని రెండు గొలుసులు, మొత్తం 51 అమైనో ఆమ్లాలు. ఏ గొలుసు గ్లైసీన్‌తో, బీ గొలుసు ఫీనైల్ అలనీన్‌తో మొదలవుతుందని ఫ్రెడరిక్ శాంగర్ కనిపెట్టిందే అమీన్లకు అంటుకునే ఒక పసుపు రంగు గుర్తుతో. ప్రొటీన్‌కు కచ్చితమైన వరుస ఉంటుందని మొదట రుజువు చేసిన ఆ పనికి 1958లో నోబెల్ వచ్చింది. శాంగర్ గుర్తు దొరికిన ప్రతి అమీన్‌కూ అంటుకునేది. ఆయనకు కావాల్సిందీ అదే. మందు తయారుచేసేవాళ్లకు అది సరిపోదు. ఇన్సులిన్‌లో అమీన్లు మూడే. గొలుసుల మొదట్లో రెండు, బీ గొలుసు 29వ స్థానంలో ఉన్న ఒకే ఒక్క లైసీన్ మీద మూడోది. గ్రాహకాన్ని అతుక్కోవడానికి గొలుసుల మొదళ్లు, అందులోనూ ఏ గొలుసు మొదలు, కీలకం. అక్కడ చేయి పెడితే మందు దెబ్బతింటుంది. బీ29 లైసీన్ మాత్రం పక్కగా, ఎవరికీ అడ్డు లేకుండా ఉంటుంది.

అంటే ఈసారి కావాల్సింది లైసీనే. డెన్మార్క్ నోవో నార్డిస్క్ శాస్త్రవేత్తలు ద్రావణాన్ని బాగా క్షారంగా, పీహెచ్ 10 పైకి తీసుకెళ్లారు. ఆ స్థితిలో గొలుసు మొదళ్లు పూర్తిగా ఖాళీ అయి ఉంటాయి, లైసీన్ కూడా చాలావరకు ఖాళీ అవుతుంది. అందరూ సిద్ధంగా ఉన్నప్పుడు గెలిచేది ఎలక్ట్రాన్లను ఎక్కువ చొరవగా ఇచ్చేదే. ప్రోటాన్‌ను గట్టిగా పట్టుకునే గుణమే ఇక్కడ లైసీన్‌కు బలమైంది. కొవ్వు ఆమ్లం దాని మీదికే చేరింది. పుల్లటి ద్రావణంలో వెనకబడిన లైసీన్ క్షారంలో ముందుకొచ్చింది. పీహెచ్‌ను అటూ ఇటూ జరపడంతోనే ఒకే తరహా అమీన్లలో ఏది కావాలో ఎంచుకోవచ్చు. 14 కార్బన్ల కొవ్వు ఆమ్లంతో చేసిన డెటెమిర్, ఆ తర్వాత 16 కార్బన్ల డైఆమ్లంతో వచ్చిన డెగ్లుడెక్ ఈ బీ29 లైసీన్ మీద కట్టినవే. కొవ్వు కొస రక్తంలోని ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకోవడం వల్ల ఇన్సులిన్ మెల్లమెల్లగా విడుదలవుతుంది.

బరువు తగ్గే ఇంజెక్షన్ అంటూ ఇప్పుడు అంతటా వినిపిస్తున్న సెమాగ్లూటైడ్ ఈ బాటలోదే. పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 హార్మోన్ రక్తంలో రెండు నిమిషాలు నిలవడమే గొప్ప. దానికి కొవ్వు గొలుసు తగిలించాలి. కానీ ఆ హార్మోన్‌లో 26వ చోట ఒకటి, 34వ చోట ఒకటి, రెండు లైసీన్లున్నాయి. రెండూ ఒకేలా ఉంటే ఏం చేయాలి? 34వ లైసీన్‌ను తీసేసి అక్కడ ఆర్జినీన్‌ను పెట్టారు. ఆర్జినీన్‌కు కూడా ధన ఆవేశమే ఉంటుంది కాబట్టి హార్మోన్ ఆకృతికి పెద్దగా తేడా రాదు, ఈ చర్యలో మాత్రం అది పాల్గొనదు. 18 కార్బన్ల డైఆమ్లం ఇక 26వ చోటికే వెళ్లాలి. ఎంజైముల కోతకు దొరకకుండా 8వ చోట మరో మార్పు చేశారు. రెండు నిమిషాల హార్మోన్ కాస్తా వారానికొక ఇంజెక్షన్ అయింది. కారకాన్ని తెలివైనదిగా చేయలేనప్పుడు ప్రొటీన్‌నే సరళం చేయడం ఈ రంగంలో బాగా పనికొచ్చిన ఉపాయం.

యాంటీబాడీల విషయానికొస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. కేన్సర్ కణాన్ని గుర్తుపట్టే యాంటీబాడీకి కణాన్ని చంపే విషాన్ని కట్టి పంపితే, కీమో మందులా ఒళ్లంతా తిరగకుండా విషం కేన్సర్ కణంలోనే విడుదల అవుతుందన్నది ఆశ. ఆలోచన పాతదే. అమలు దగ్గరే ఇబ్బంది. ఒక యాంటీబాడీలో దాదాపు 90 లైసీన్లుంటాయి. 2000లో అనుమతి వచ్చిన మొదటి ఇలాంటి మందు మైలోటార్గ్‌లో విషాన్ని లైసీన్లకే కట్టారు. సగం యాంటీబాడీలకు విషమే అంటలేదు. మిగతా సగానికి ఎక్కువెక్కువగా అంటింది. 2010లో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. తక్కువ మోతాదుతో 2017లో మళ్లీ వచ్చింది. రొమ్ము కేన్సర్‌కు 2013లో వచ్చిన కాడ్‌సైలాలోనూ విషం కట్టింది లైసీన్లకే. సగటున ఒక యాంటీబాడీకి 3.5 విషపు అణువులు. సగటు అంటే సగటే. సీసాలో ఒక్కటీ లేనివి ఉంటాయి, ఏడెనిమిది ఉన్నవీ ఉంటాయి. ఏ లైసీన్ మీద ఉందన్నది కూడా కలుపుకుంటే ఆ ఒక్క సీసాలో వేల రకాల అణువులుంటాయి. కాడ్‌సైలా ఎంతోమంది ప్రాణాలు నిలబెట్టిన మంచి మందు, సందేహం లేదు. కానీ అందులో ఏ రకం మేలు చేస్తోంది, ఏది ఊరికే కాలేయాన్ని ఇబ్బంది పెడుతోంది అని విడదీసి తెలుసుకునే దారి లేదు.

అందుకే దృష్టి సిస్టీన్ మీదికి మళ్లింది. సిస్టీన్ కొసన గంధకం ఉంటుంది. ప్రొటీన్లలో ఈ అమైనో ఆమ్లం అరుదు, నూటికి రెండు అటూ ఇటూ. కణం వెలుపల తిరిగే ప్రొటీన్లలో చాలా సిస్టీన్లు రెండేసి జతకట్టి డైసల్ఫైడ్ వంతెనలుగా ఉంటాయి కాబట్టి ఒంటరిగా దొరికేవి మరీ తక్కువ. దొరికితే మాత్రం లైసీన్ కన్నా ఎన్నో రెట్లు చురుకు. యాంటీబాడీ గొలుసులను కలిపే వంతెనలు నాలుగు. వాటిని మెత్తగా విప్పితే ఎనిమిది సిస్టీన్లు చేతికొస్తాయి. 2011 నాటి అడ్‌సెట్రిస్ ఇలా చేసిందే. సగటున నాలుగింటికి మందు అంటుతుంది.

జెనెన్‌టెక్ సంస్థలో ఇంకో అడుగు వేశారు. 2008లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనకు మొదటి రచయిత జునుతుల జగత్ రెడ్డి. ఉన్న సిస్టీన్లను విప్పే బదులు, యాంటీబాడీ భారీ గొలుసులో ఒక అలనీన్ ఉండాల్సిన చోట కొత్తగా సిస్టీన్‌ను నాటారు. యాంటీబాడీలో భారీ గొలుసులు రెండు కాబట్టి మందు అణువులూ రెండే, అదీ ఎప్పుడూ అదే చోట. జంతువుల మీద చూస్తే కణితిని పాత పద్ధతి మందు అణచినంతగానే ఇదీ అణచింది. ఎలుకలూ కోతులూ దీన్ని మరింత ఎక్కువ మోతాదులో తట్టుకున్నాయి. విషం బరువు తగ్గినా పని తగ్గలేదన్నమాట. ఆ తర్వాత ఈ రంగమంతా చోటు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

నాలుగేళ్లకు అదే సంస్థ నుంచి వచ్చిన మరో అధ్యయనం ఇంకా లోతైనది. సిస్టీన్‌కు మందును కట్టడానికి అందరూ వాడేది మాలిమైడ్ అనే ఐదు మూలల వలయం. గంధకం దాని మీద చకచకా చేరుతుంది. ఇబ్బందేమంటే ఆ చేరిక నెమ్మదిగా విడిపోగలదు కూడా. రక్తంలో ఆల్బుమిన్ కాచుకుని ఉంటుంది. దాని 35 సిస్టీన్లలో 34 జతకట్టి ఉంటాయి. 34వ స్థానంలో ఉన్నది మాత్రం ఒంటరి, మహా చురుకు. యాంటీబాడీ మీద నుంచి జారిన విషాన్ని అది అందిపుచ్చుకుని ఒళ్లంతా తిప్పుతుంది. 2012లో ఆ పరిశోధకులు ఒకే యాంటీబాడీలో మూడు వేర్వేరు చోట్ల సిస్టీన్ నాటి, ఒకే లంకెతో ఒకే విషాన్ని కట్టి చూశారు. నీటికి బాగా తెరిచి ఉన్న చోట కట్టిన మందు రక్తంలో త్వరగా ఊడిపోయింది. చుట్టూ ధన ఆవేశం ఉన్న చోట కట్టింది నిలిచింది. ఆ ధన ఆవేశం నీటి అణువును ఉసిగొల్పి మాలిమైడ్ వలయాన్ని తెరిపిస్తుంది. వలయం ఒకసారి తెరుచుకుంటే బంధం ఇక వెనక్కి పోదు. అణువులన్నీ అవే. మారింది పొరుగు ఒక్కటే. ఎలుకల్లో కణితి తగ్గడం, తగ్గకపోవడం దాని మీద ఆధారపడింది.

ఈ తెలివిడితో కావాల్సిన పొరుగును కట్టుకునే ప్రయత్నాలూ వచ్చాయి. ఎంఐటీలో బ్రాడ్ పెంటెల్యూట్ బృందం 2016లో ఫీనైల్ అలనీన్, సిస్టీన్, ప్రోలీన్, ఫీనైల్ అలనీన్ అనే నాలుగక్షరాల వరుసను ప్రొటీన్‌లో చేర్చింది. ఫ్లోరిన్ నిండిన ఒక సుగంధ వలయం ఆ వరుసలోని సిస్టీన్‌కే అంటుకుంటుంది. అదే ప్రొటీన్‌లో ఉన్న మిగతా సిస్టీన్లను ముట్టుకోదు. మన దేశంలో ఐఐఎస్ఈఆర్ భోపాల్‌లో విశాల్ రాయ్ బృందం ప్రొటీన్‌ను జన్యుపరంగా మార్చకుండానే ఈ పని చేయాలని చూస్తోంది. వాళ్ల కారకానికి రెండు కొసలు. ఒకటి లైసీన్లను తాత్కాలికంగా పట్టి వదులుతుంటుంది. రెండోది అక్కడి నుంచి అందేంత దూరంలో ఉన్న మరో అమైనో ఆమ్లానికి శాశ్వతంగా అంటుకుంటుంది. లైసీన్లు ఎన్ని ఉన్నా సరైన దూరంలో సరైన పొరుగు ఉన్నది అరుదు కాబట్టి ఎంపిక దానంతటదే జరిగిపోతుంది. మిథియోనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్‌లకు కూడా ఎవరి కారకాలు వాళ్లకు వచ్చాయి. ప్రయోగశాలలో బాగున్నవి వాటిలో చాలా ఉన్నాయి, మందు దాకా చేరినవి తక్కువ.

సహజమైన 20 అమైనో ఆమ్లాల గొడవే లేకుండా, శరీరంలో లేని రసాయన సమూహాన్ని ప్రొటీన్‌లో ముందే పెట్టి దానితో మాత్రమే కలిసే జోడీని తేవడం మరో దారి. జీవకణంలో ఎవరి జోలికీ పోని ఎజైడ్‌తో కరోలిన్ బెర్టోజీ 2000 నుంచి చేసిన పనికి, షార్ప్‌లెస్, మెల్డాల్‌లతో కలిపి 2022 నోబెల్ లభించింది. జన్యు సంకేతంలో ఆగు అనే అర్థం ఉన్న ఒక పదానికి కొత్త అమైనో ఆమ్లాన్ని కేటాయించే పద్ధతిని పీటర్ షుల్ట్జ్ బృందం 2001లో ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసి చూపించింది. ఈ రెండూ కలిస్తే ప్రొటీన్‌లో ఏ చోట కావాలంటే ఆ చోటే. అయితే ఇందులో ప్రొటీన్‌ను మొదటి నుంచీ మనమే తయారుచేసుకోవాలి. ఒంట్లో అప్పటికే ఉన్న ప్రొటీన్‌ను మార్చాలంటే ఈ దారి సాయపడదు.

ఇంత కచ్చితత్వం అన్ని చోట్లా అవసరమా అంటే, కాదు. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీనే తీసుకోండి. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపూతలోని చక్కెర గొలుసును విడిగా ఇస్తే రెండేళ్లలోపు పిల్లల రోగనిరోధక వ్యవస్థ సరిగా స్పందించదు. టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రొటీన్‌కు దాన్ని రసాయన బంధంతో కట్టి ఇస్తే ఆరు నెలల పసికందు శరీరం కూడా గుర్తుపడుతుంది. చక్కెర ప్రొటీన్ మీద ఎక్కడ అంటుకుందన్నది అణువు అణువుకూ మారుతుంది. అయినా టీకా పనిచేస్తుంది, ఎందుకంటే రోగనిరోధక వ్యవస్థకు అన్ని అణువులూ ఒకేలా ఉండాలన్న పట్టింపు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇదే. తర్వాత హైదరాబాద్‌దే అయిన ‘బయోలాజికల్ ఈ’ సంస్థ టీకాకు కూడా ఆ అర్హత వచ్చింది. విషాన్ని మోసే యాంటీబాడీలోనే అణువుల మధ్య తేడా ప్రమాదం. యాంటీబాడీ మందుల్లో ఇప్పుడు మంచి పేరున్న ఎన్‌హెర్టూ కూడా కొత్త సిస్టీన్లు నాటలేదు. ఎనిమిది సిస్టీన్లనూ విప్పి ఎనిమిదింటికీ మందు కట్టేసింది. ఖాళీ వదలకపోతే అన్నీ ఒకేలా ఉంటాయి. ఆ సరళమైన ఆలోచన నాకు నచ్చుతుంది.

శరీరంలోకి వెళ్లి అక్కడే ఎంపిక చేసుకోవాల్సిన మందులది ఇంకా కఠినమైన పరీక్ష. గుండె జబ్బు ఉన్నవాళ్లు రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ చేసేది ప్రొటీన్ మార్పే. ప్లేట్‌లెట్లలోని సైక్లోఆక్సిజనేజ్ ఎంజైమ్‌లో 530వ స్థానంలో ఉన్న సెరీన్‌కు అది ఎసిటైల్ సమూహాన్ని అంటిస్తుంది. సెరీన్ మామూలుగా మందకొడిది. ఆ ఎంజైమ్ లోపలి ఇరుకు దారిలో ఆస్పిరిన్‌ను సరిగ్గా ఎదురుగా నిలబెట్టే పొరుగులు ఉండబట్టే చర్య జరుగుతుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు కాబట్టి పాడైన ఎంజైమ్‌కు బదులు కొత్తది తయారుచేసుకోలేదు. రక్తంలో ఆస్పిరిన్ గంటలో మాయమైనా, ఆ ప్లేట్‌లెట్ బతికున్న వారం పది రోజులూ ప్రభావం ఉంటుంది. శస్త్రచికిత్సకు ముందు ఆస్పిరిన్ వాడుతున్నారా అని అడిగేది ఇందుకే. ఈ మాత్ర 1899 నుంచి మార్కెట్లో ఉంది. అది సెరీన్‌ను ముట్టుకుంటుందని 1970లలో గానీ తెలియలేదు.

హిమోగ్లోబిన్ వాలీన్ కూడా ఒక మందుకు గురి అయింది. ఈసారి ఆల్ఫా గొలుసు మొదటిది. సికిల్ సెల్ జబ్బులో ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని దారాలై ఎర్రకణాన్ని కొడవలి ఆకారంలోకి వంచుతాయి. ఆల్డిహైడ్ కొస ఉన్న వోక్సెలోటర్ అనే మందు ఆ వాలీన్‌ను, చక్కెర మొదట పట్టుకున్నట్టే వదులుగా పట్టుకుని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను త్వరగా వదలకుండా చేస్తుంది. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోగుల్లో హిమోగ్లోబిన్ శాతం పెరిగింది. కానీ తర్వాతి ప్రయోగాల్లో నొప్పి సంక్షోభాలూ మరణాలూ ఆందోళన కలిగించడంతో 2024 సెప్టెంబరులో ఫైజర్ దాన్ని ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. రసాయనంగా చూస్తే గురి తప్పలేదు. ఆ చోట పట్టుకోవడం వల్ల రోగికి మేలు జరుగుతుందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు చెప్పేది రోగి శరీరమే. మన గిరిజన ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు ఈ జబ్బుతో బతుకుతున్నాయి. ఆశ పెట్టుకున్న మందు చేజారడం వాళ్ల కోణం నుంచి చూస్తే చిన్న విషయం కాదు.

సిస్టీన్ మీద గురిపెట్టినవాళ్లకు మాత్రం పెద్ద విజయమే దక్కింది. కేరాస్ అనే ప్రొటీన్ చెడిపోవడం ఎన్నో కేన్సర్లకు మూలం. దాని ఉపరితలం నున్నగా, మందు పట్టు దొరకనట్టుగా ఉంటుంది. దశాబ్దాల పాటు మందులకు లొంగనిదని దాన్ని వదిలేశారు. ఊపిరితిత్తుల కేన్సర్లలో ఒక వర్గంలో దాని 12వ గ్లైసీన్ చోట సిస్టీన్ వచ్చి ఉంటుంది. కేన్సర్‌ను పుట్టించిన ఆ మార్పే మందుకు పట్టు ఇచ్చింది. ఆరోగ్యవంతమైన కణంలోని కేరాస్‌లో ఆ చోట సిస్టీన్ ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కెవాన్ షోకాట్ బృందం 2013లో ఆ సిస్టీన్‌కు అంటుకునే అణువులతో పాటు, అంతకు ముందు ఎవరూ చూడని ఒక చిన్న గాడిని కూడా కనుగొంది. ఆ దారిలో 2021లో సోటోరాసిబ్ వచ్చింది.

క్లోమ గ్రంథి కేన్సర్‌లో ఎక్కువగా కనిపించే కేరాస్ మార్పు వేరు. అక్కడ 12వ చోట ఉండేది ఆస్పార్టిక్ ఆమ్లం. సిస్టీన్‌తో పోలిస్తే దానికి చురుకు చాలా తక్కువ. చుట్టూ నీరు కమ్ముకుని ఉంటుంది. పైగా శరీరంలో ప్రతి ప్రొటీన్ మీదా ఆస్పార్టిక్ ఆమ్లాలు లెక్కలేనన్ని. వాటన్నిటినీ వదిలి ఈ ఒక్కదాన్నే పట్టుకోవాలి. షోకాట్ బృందం 2024లో నాలుగు పరమాణువుల బిగువైన వలయం ఉన్న అణువులతో ఆ పని ప్రయోగశాలలో చేసి చూపింది. అణువు ముందుగా కేరాస్ గాడిలో సర్దుకుంటుంది. వలయం ఆస్పార్టిక్ ఆమ్లానికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. అప్పుడు దాని బిగువు వీడి బంధం ఏర్పడుతుంది. వాటిని మనుషులకు ఇవ్వదగిన మందుగా మలచాలంటే ఆ వలయం రక్తంలోని నీటికి తెగిపోకుండా కేరాస్‌ను చేరేదాకా నిలవాలి. చేయాల్సిన పని ఇప్పుడు అక్కడే ఉంది.